గది కూడా వాయిస్తుంది

పెళ్లిళ్లకు మైకుసెట్లు కట్టడంతో మొదలై ఇళ్లలో హోమ్ థియేటర్లు బిగించడం దాకా నాగల్‌గిద్ద చుట్టుపక్కలే నా బతుకు గడిచింది. బీదర్ నుంచో హైదరాబాద్ నుంచో సెట్టు తెచ్చుకుని "తాతా, జర వచ్చి చూడవా" అనే పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్లకే ఈ మాటలు.

1. అట్టపెట్టె మీది వాట్లను నమ్మొద్దు.

ఒకే ఛానల్‌ను, ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర, సౌండ్ చీలేదాకా నడిపి వేసిన లెక్క చాలాసార్లు అక్కడ అచ్చవుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్లతో, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, కనీసం రెండు ఛానళ్లు కలిసి నడిచినప్పుడు ఎంత ఇస్తుందో చూడాలి. 80 వాట్ల రిసీవర్‌కూ 100 వాట్లదానికీ తేడా ఒక్క డెసిబెల్. చెవికి అందీ అందనంత. దాని కోసం ఎందరి చేతనో పత్తి పైసలు ఖర్చు పెట్టించాను. ఆ డబ్బు మంచి సబ్‌వూఫర్‌కు పోవలసింది.

2. స్పీకరును 'స్మాల్' అనడంలో చిన్నతనం లేదు.

రిసీవర్‌లో అలా పెట్టి క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే, అంతకు కిందిది సబ్‌వూఫర్‌కు పోతుంది, రిసీవర్ మీద బరువు తగ్గుతుంది. అప్పుడు సబ్‌వూఫర్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్‌ను ఎక్కువ వైపు చివరిదాకా తిప్పేయాలి. రెండుచోట్లా కోత పడితే మధ్యలో బేస్ పలచబడుతుంది.

3. మూలన పెడితే మోగుతుంది, మోగినదంతా బేస్ కాదు.

మా ఇళ్లలో కింద షాబాద్ బండలు, పైన స్లాబు, చుట్టూ గట్టి గోడలు. 5 మీటర్ల పొడవు హాలులో 34 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోతుంది: గోడల దగ్గర ఉబ్బుతుంది, నట్టనడుమ చచ్చిపోతుంది. ఒక ఇంట్లో కొడుకు హాలు మధ్యలో సోఫా వేసుకుని బేస్ రావడం లేదన్నాడు. గోడవారగా మంచం మీద పడుకున్న తండ్రి గుండె అదురుతోందన్నాడు. ఇద్దరిదీ నిజమే. నేను మాత్రం కొడుకు మాట పట్టుకుని వాల్యూమ్ పెంచి వచ్చాను. పాపం, ఆ పెద్దాయన ఆ రాత్రి ఎలా పడుకున్నాడో! చచ్చిన చోట ఎంత పెంచినా నిండదు. పరదాలూ పనికిరావు, ఆ అల పొడవే 10 మీటర్లు. సోఫాను ఒక మూర వెనక్కి జరపండి. ఆ తర్వాత సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, పాట నడిపించి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. బేస్ ఎక్కడ సమంగా వినిపిస్తే దాని చోటు అదే. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీండి.

4. రెండో సబ్‌వూఫర్ చప్పుడు పెంచడానికి కాదు.

హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ 2002లో ఈ లెక్కలు కట్టి చూపాడు: ఎదురెదురు గోడల్లో ఒక్కో గోడ నడిమధ్యన ఒక్కొక్కటి పెడితే అన్ని సీట్లలో బేస్ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక్కరే చూసే ఇంటికి ఒకటి చాలు.

5. మైకు కొలిచింది సరే, ఎందుకలా కొలిచిందో తెలుసుకోవాలి.

రిసీవర్‌తో వచ్చే మైకుతో ఆటో సెటప్ చేసే ముందు ఫ్యాను ఆపండి. మైకును సోఫా మీద పడేయకుండా చెవి ఎత్తున స్టాండుకు బిగించండి. సబ్‌వూఫర్ దూరాన్ని టేపు కొలతకన్నా ఎక్కువగా చూపిస్తే దిద్దకండి. దాని లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా రిసీవర్ దూరంగానే లెక్కేస్తుంది. ఇది తెలియని రోజుల్లో టేపు పట్టుకుని సరిగ్గా ఉన్నవాటిని చెడగొట్టాను. ఇక ఆగకుండా 'హుమ్' అని వస్తుంటే సబ్‌వూఫర్‌ను తిట్టకముందు సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ వైరు పీకి చూడండి. ఆ హుమ్ ఆగిందా, ఎర్త్ లూప్ అక్కడినుంచే వస్తోంది.