ఉద్యోగాలు పెరిగాయి, దేశం ఆరోగ్యంగా ఉన్నట్లేనా?

మీ తరగతిలో ఒక చర్చ పెట్టారనుకోండి. విషయం ఇది: "నెలనెలా ఉద్యోగాలు పెరుగుతుంటే ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ ఆరోగ్యంగా ఉన్నట్లే." మిమ్మల్ని అనుకూలంగా మాట్లాడమన్నారు. మీ పక్క బెంచీ స్నేహితుణ్ణి ప్రతికూలంగా మాట్లాడమన్నారు. ఎవరు గెలుస్తారు? తొందరపడకండి. ముందు ఆ సంఖ్య ఎలా పుడుతుందో చూద్దాం. త్రాసు సంగతి తెలియకుండా తూకం గురించి వాదించకూడదు కదా!

దీనికి అమెరికాను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడి కార్మిక గణాంకాల సంస్థ 1884లో ఏర్పడింది. ఈ సంస్థ సాధారణంగా ప్రతి నెలా మొదటి శుక్రవారం ఉదయం 8-30 గంటలకు ఉద్యోగాల లెక్క ప్రకటిస్తుంది. బ్యాంకులూ, షేర్ మార్కెట్లూ, పత్రికలూ ఆ క్షణం కోసం కాచుకుని ఉంటాయి. ఆ దేశపు కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లు నిర్ణయించేటప్పుడు ఈ లెక్క కూడా చూస్తుంది. అంటే, ఇల్లు కట్టుకోవడానికి అప్పు తీసుకునే సామాన్యుడి దాకా దీని ప్రభావం పోతుందన్నమాట.

రెండు ప్రశ్నలు, రెండు సర్వేలు

కోట్ల మంది పనివాళ్ళను ప్రతి నెలా ఒక్కొక్కరినే అడగడం సాధ్యమా? కాదు. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి మీ అమ్మ ఏం చేస్తుంది? నాలుగు మెతుకులు పట్టి చూస్తుంది. గణాంక శాస్త్రజ్ఞులూ అదే పని చేస్తారు. అయితే గిన్నెలో ఒక మూల నుంచే కాక అన్ని వైపుల నుంచీ మెతుకులు తీస్తారు. దీన్నే శాంపిల్ సర్వే అంటారు.

మొదటి సర్వే యజమానులను అడుగుతుంది. సుమారు 1 లక్షా 20 వేల వ్యాపార సంస్థలనూ, ప్రభుత్వ కార్యాలయాలనూ ఎంచుకుని, "12వ తేదీ కలిసిన జీతాల కాలంలో మీ పట్టీలో ఎందరున్నారు?" అని అడుగుతారు. "ఈ నెల ఇన్ని ఉద్యోగాలు పెరిగాయి" అని పత్రికల్లో వచ్చే సంఖ్య ఇక్కడిదే.

రెండవ సర్వే ఇళ్ళను అడుగుతుంది. సుమారు 60 వేల కుటుంబాలను ఎంచుకుని, "ఆ వారంలో మీ ఇంట్లో ఎవరెవరు పని చేశారు? ఎవరెవరు పని కోసం వెతికారు?" అని అడుగుతారు. నిరుద్యోగ శాతం ఇక్కడ పుడుతుంది.

రెండింటికీ తేడా గమనించారా? మొదటిది ఉద్యోగాలను లెక్కపెడుతుంది. రెండవది మనుషులను లెక్కపెడుతుంది. ఒకాయన పూర్తికాలపు ఫ్యాక్టరీ ఉద్యోగం పోయింది. బతుకు గడవడానికి పొద్దున ఒక దుకాణంలో, సాయంత్రం ఒక హోటల్లో కొద్ది గంటల పనులు పట్టుకున్నాడు. మొదటి సర్వే దృష్టిలో ఒక ఉద్యోగం పోయి రెండు వచ్చాయి, అంటే ఒకటి పెరిగింది! రెండవ సర్వే దృష్టిలో అప్పుడూ ఆయన ఒక్కడే, ఇప్పుడూ ఒక్కడే. ఆయన సుఖంగా ఉన్నాడా అని మాత్రం ఈ రెండు సంఖ్యలూ చెప్పవు.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. ఒక ఊళ్ళో 100 మంది పెద్దవాళ్ళున్నారు. 57 మంది పని చేస్తున్నారు. ముగ్గురు పని కోసం వెతుకుతున్నారు. మిగిలిన 40 మంది పని చేయడమూ లేదు, వెతకడమూ లేదు. వారిలో ముసలివారు, చదువుకునేవారు, ఇల్లు చూసుకునేవారు ఉన్నారు. పని చేసేవారినీ, వెతికేవారినీ కలిపి శ్రామిక శక్తి అంటారు. ఇక్కడ అది 60. నిరుద్యోగ శాతం అంటే 60లో 3, అంటే 5 శాతం.

వెతికే ముగ్గురిలో ఒకాయన విసిగిపోయి వెతకడం మానేశాడు. అమెరికా లెక్క ప్రకారం గత నాలుగు వారాల్లో పని కోసం ప్రయత్నం చేయనివాడు నిరుద్యోగి కాడు. కనుక ఇప్పుడు 59లో 2, అంటే 3.4 శాతం. ఎవరికీ పని దొరకలేదు, అయినా నిరుద్యోగం తగ్గింది!

ఇంకొక విధంగా చూడండి. మొదటి ముగ్గురిలో ఒకరికి పని దొరికింది. ఆ వార్త విని, ఇంట్లో ఉన్న మరో ఇద్దరు ఆశతో బయలుదేరి వెతకడం మొదలుపెట్టారు. ఇప్పుడు పని చేసేవారు 58, వెతికేవారు 4. అంటే 62లో 4, సుమారు 6.5 శాతం. మంచి వార్తే, కాని శాతం పెరిగింది! అందుకే ఒక్క సంఖ్యను పట్టుకుని సంబరపడకూడదు, బెంబేలు పడకూడదు.

పండగల బేరం, జనవరి చలి

డిసెంబరులో క్రిస్మస్ అమ్మకాల కోసం అమెరికా దుకాణాలు ఎందరినో తాత్కాలికంగా చేర్చుకుంటాయి. జనవరి రాగానే పంపించేస్తాయి. పచ్చి లెక్క చూస్తే ఇటీవలి కాలంలో మామూలు జనవరిలో కూడా 20 లక్షలకు మించి ఉద్యోగాలు తగ్గినట్లు కనబడుతుంది. అది జబ్బు కాదు, ఋతువు. కాబట్టి ఏటా వచ్చే ఈ ఎత్తుపల్లాలను గణితంతో తీసివేసి, మిగిలిన మార్పునే ప్రకటిస్తారు. దీన్ని ఋతు సవరణ అంటారు. మన పల్లెల్లో నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో కూలీలకు గిరాకీ పెరగడం మీకు తెలిసిందే కదా!

సవరణ అంటే మోసమా?

సర్వేకు ఎంపికైన సంస్థలన్నీ సకాలంలో జవాబివ్వవు. ఆలస్యంగా వచ్చిన జవాబులను చేర్చి, తరువాతి రెండు నెలల్లో లెక్కను సవరిస్తారు. ఏడాదికొకసారి పన్నుల రికార్డులతో పోల్చి మళ్ళీ సరిచేస్తారు.

2011 ఆగస్టు నెలకు మొదట ప్రకటించిన పెరుగుదల ఎంతో తెలుసా? సున్నా! దేశమంతా గగ్గోలు పుట్టింది. రెండు నెలల తరువాత అదే ఆగస్టు లెక్క లక్షకు పైగా తేలింది. ఆ నెలలో సుమారు 45 వేల మంది టెలిఫోను కార్మికులు సమ్మెలో ఉన్నారు. జీతం అందలేదు కనుక మొదటి సర్వేలో వారు లేనట్లే లెక్క. రెండవ సర్వేలో మాత్రం వారు ఉద్యోగులే!

2025 ఆగస్టు 1న దీనికి వ్యతిరేకంగా జరిగింది. అంతకు ముందు ప్రకటించిన మే, జూన్ నెలల లెక్కలు కలిపి 2 లక్షల 58 వేలు తగ్గాయి. ఆ రోజే అమెరికా అధ్యక్షుడు ఆ సంస్థ కమిషనరును పదవి నుంచి తొలగించాడు. లెక్కలు కావాలని మార్చారని ఆరోపించాడు, ఆధారాలు చూపలేదు. సవరణలు మామూలేనని ఎందరో ఆర్థిక శాస్త్రజ్ఞులు అన్నారు. మీరే ఆలోచించండి: పరీక్ష పేపరులో తన తప్పు తానే దిద్దుకున్న విద్యార్థిని దండిస్తే, రేపు ఎవరు దిద్దుకుంటారు? చూపిన సంఖ్య నచ్చలేదని థర్మామీటరు పగలగొడితే జ్వరం తగ్గుతుందా?

జ్వరం తగ్గడం, బలం రావడం

కరోనా కాలంలో, 2020 ఏప్రిల్లో, అమెరికాలో ఒక్క నెలలోనే 2 కోట్ల 5 లక్షల ఉద్యోగాలు పోయాయని ప్రకటించారు. మే నెలలో 25 లక్షలు పెరిగాయన్నారు. ఒక నెలలో అంత పెరుగుదల అదివరకు ఎన్నడూ లేదు! కాని నిరుద్యోగం ఇంకా 13.3 శాతం ఉంది. రోగి కోలుకోవడం మొదలుపెట్టాడు, మంచం మాత్రం దిగలేదన్నమాట.

2022 జూన్ చూడండి. నిరుద్యోగం 3.6 శాతమే. ఉద్యోగాలు జోరుగా పెరుగుతున్నాయి. కాని ఏడాదిలో ధరలు 9.1 శాతం పెరిగితే, సగటు గంట వేతనం 5.1 శాతమే పెరిగింది. పని ఉంది, జీతం ఉంది, సంచిలో సరుకు తగ్గింది!

ఉద్యోగాల లెక్క కొంత ఆలస్యంగా కూడా నడుస్తుంది. 2007 డిసెంబరులో మొదలైన మాంద్యం 2009 జూన్లో ముగిసింది. కాని నిరుద్యోగం 10 శాతానికి చేరింది 2009 అక్టోబరులో. వాన వెలిసినా చెట్టు కింద చినుకులు పడుతున్నట్లే ఇది.

మన దేశంలో 2025 నుంచి జాతీయ గణాంక కార్యాలయం కూడా నెలనెలా శ్రామిక శక్తి లెక్కలు ప్రకటిస్తోంది. వారంలో ఒక గంట పని చేసినా ఆ వారానికి పని ఉన్నట్లే లెక్క. మన దగ్గర సగానికి పైగా సొంత పనుల మీద బతికేవారే. తన చేనులో పని చేసుకునే రైతుకు, ఇంటి కొట్లో జీతం లేకుండా కూర్చునే కొడుకుకు పని ఉన్నట్లే. ఆ పని కడుపు నింపుతోందా అన్నది మరో ప్రశ్న.

ఇక చర్చకు రండి

అనుకూలంగా మాట్లాడేవారు ఇలా అనవచ్చు: పని లేనిదే ఆదాయం లేదు, ఆదాయం లేనిదే బజారు లేదు, కనుక ఉద్యోగాలు పెరగడం ఆరోగ్య లక్షణమే. ఇది నిజం. ప్రతికూలంగా మాట్లాడేవారు ఇలా అడగవచ్చు: ఎలాంటి ఉద్యోగాలు? ఎంత జీతం? ధరల సంగతేమిటి? వెతకడం మానేసినవారి మాటేమిటి? ఇదీ నిజమే. డాక్టరు నాడి ఒక్కటే చూసి మందు రాయడు, నాడి చూడకుండానూ రాయడు.

ఈసారి పత్రికలో "ఉద్యోగాలు పెరిగాయి" అని చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎవరిని అడిగారు? ఎవరిని లెక్కలోకి తీసుకోలేదు? గత మూడు నెలల సగటు ఎంత? తరువాత మీ వీధిలో పది ఇళ్ళ పెద్దలు ఒప్పుకుంటే అడిగి, మీరే ఒక పట్టిక వేయండి. గత వారం ఎవరు పనిచేశారు? ఎవరు వెతికారు? ఎవరు మానేశారు? ఒక మనిషిని ఏ గడిలో రాయాలో తోచక మీ పెన్సిలు ఆగిందంటే, ఈ పాఠం మీకు బాగా అర్థమైనట్లే!