పొలిటికల్ సైన్సా... అని నిట్టూర్చకు!

ఫోన్ ఎత్తగానే అటువైపు ఓ నిట్టూర్పు. "అక్కా, మా పెద్దది పొలిటికల్ సైన్స్ చదువుతుందట" అంది మా పిన్ని కూతురు, డాలస్ నుంచి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నంత నీరసంగా చెప్పింది. "వాళ్ల నాన్న రెండు రోజులుగా సరిగ్గా అన్నం కూడా తినడం లేదు" అని చివర్లో ఓ ముక్క కలిపింది.

నవ్వకు. మన ఇళ్ల సంగతి మనకి తెలియనిదా? కంప్యూటర్ సైన్స్ అంటే స్వీట్లు పంచుతాం. బయాలజీ అంటే రేపు డాక్టరవుతుందిలే అని సర్దుకుంటాం. పొలిటికల్ సైన్స్ అనేసరికి గుడిలో కలిసినవాళ్లు కూడా "తర్వాత ఏం చేస్తుందండీ?" అని అడుగుతారు. ఏం చెప్పాలో మనకి తోచదు. మన బెంగలో సగం అదే, ఒప్పుకుందాం. మిగతా సగం మాత్రం న్యాయమైనదే. అప్పు చేసి చదివిస్తే, ఆ అప్పు తీర్చుకునేంత జీతం పిల్లకి వస్తుందా? మొదటి సగాన్ని గుడి మెట్ల దగ్గరే వదిలెయ్. రెండోదాని సంగతి చూద్దాం, ఇలా కూర్చో.

ఒబామా కొలంబియాలో చదివింది పొలిటికల్ సైన్సే. కమలా హారిస్ హోవర్డ్‌లో అదీ, ఎకనామిక్సూ చదివింది. అలాగని మనమ్మాయికి వైట్‌హౌస్‌లో గది చూసిపెట్టకు! మన హైదరాబాద్‌లో పుట్టి మేరీలాండ్‌కి లెఫ్టినెంట్ గవర్నరైన అరుణా మిల్లర్ చదివిందేమో సివిల్ ఇంజనీరింగ్. డిగ్రీకీ కొలువుకీ ఉన్న ముడి మనం అనుకున్నంత బిగువుగా ఉండదు. అందుకే కబుర్లు పక్కనబెట్టి అంకెలు చూడమంటాను.

అంకెలు ఎక్కడ దొరుకుతాయంటావా? అమెరికా విద్యాశాఖ కాలేజ్ స్కోర్‌కార్డ్ అని ఒకటి పెట్టింది. ఏ కాలేజీలో ఏ కోర్సు చదివినవాళ్లకి జీతం ఎంత, అప్పు ఎంత అన్నది అందులో కనిపిస్తుంది. చూడు, తప్పకుండా చూడు. కానీ చూసి గుండె బాదుకోకు. ఆ జీతాల లెక్కలోకి ఫెడరల్ సాయం తీసుకున్న పిల్లలే వస్తారు. ఇంకా చదువుకుంటున్నవాళ్లు రారు. పొలిటికల్ సైన్స్ పిల్లల్లో చాలామంది నేరుగా లా స్కూలుకో మాస్టర్స్‌కో పోతారు కదా, మొదటి ఏడాది జీతాల్లో వాళ్లు ఉండనే ఉండరు. అందుకని మొదటి ఏడాది అంకెతో ఆగిపోకుండా, నాలుగైదేళ్ల తర్వాతిది కూడా ఉంటే చూడాలి. అప్పు కాలమ్‌లో తిరకాసు ఇంకా పెద్దది. అందులో కనిపించేది పిల్లల పేరున ఉన్న ఫెడరల్ అప్పు మాత్రమే. అమ్మానాన్నలు తీసుకునే పేరెంట్ ప్లస్ లోను వేరేగా చూపిస్తారు. ప్రైవేటు బ్యాంకుల అప్పు అసలు కనిపించదు. కాబట్టి అక్కడ అప్పు తక్కువగా ఉంది కదా అని మురిసిపోకు.

ఇంకో వైపు నుంచీ మోసపోతాం మనం. పొలిటికల్ సైంటిస్ట్ జీతం ఎంత అని వెతికితే, లేబర్ స్టాటిస్టిక్స్ వాళ్ల లెక్కలో ఏడాదికి 1,30,000 డాలర్ల పైనే కనిపిస్తుంది. మా మరిదిగారు ఆ అంకె చూసి ఒక పూట అన్నం తిన్నారట. ఆ ఉద్యోగాలు దేశం మొత్తమ్మీద కొన్ని వేలే. వాటికి సాధారణంగా మాస్టర్సో, పీహెచ్‌డీయో కావాలి. బీఏ పట్టా చేతపట్టుకుని వెళ్తే ఆ జీతం ఎవరూ ఇవ్వరు.

సరే, మా చెల్లి ఇంటికి వచ్చిన ఉత్తరం సంగతి చెప్తాను. కాలేజీ నుంచి అవార్డు లెటర్ వచ్చింది, పెద్ద పెద్ద అక్షరాలతో అభినందనలు. కింద "మొత్తం ఆర్థిక సాయం" అని ఓ లావుపాటి అంకె. "ఇంత ఇచ్చారక్కా!" అని ఫొటో తీసి పంపింది. "రెండు రంగుల హైలైటర్లు తెచ్చుకో" అన్నాను. స్కాలర్‌షిప్, గ్రాంటు అన్న మాటలకి ఆకుపచ్చ. లోన్ అన్న ప్రతి చోటా గులాబీ. గీసి చూసుకుంటే కాగితం సగానికి పైగా గులాబీ రంగే! అది సాయమా చెప్పు? మనం తిరిగి కట్టాల్సిన డబ్బు. ముందు ఈ పని చెయ్యి. హాస్టలు, తిండి, పుస్తకాలతో కలిపి ఏడాది ఖర్చులోంచి ఆకుపచ్చ మాత్రమే తీసెయ్. మిగిలిందే అసలు ధర.

ఇక అప్పు. డిగ్రీ చదివే పిల్ల తన పేరున తీసుకోగల ఫెడరల్ అప్పు మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, తర్వాత ఏడాదికి 7,500. నాలుగేళ్లకీ కలిపి 27,000 డాలర్లు. 2025-26లో దీని వడ్డీ 6.39 శాతం. అదే వడ్డీ అనుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకి 305 దాకా కట్టాలి. పిల్లకి మొదట్లో ఏడాదికి 45 వేలు వస్తాయనుకుందాం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి నెలకి మూడు వేల పైచిలుకు చేతికొస్తుంది. ఇంకో ఇద్దరితో కలిసి అపార్ట్‌మెంట్‌లో ఉంటే అద్దె, కారు, తిండి పోను 305 కట్టగలదు. సినిమాలు కొంచెం తగ్గుతాయి, అంతే.

భయపడాల్సింది పేరెంట్ ప్లస్‌ గురించి. దాని వడ్డీ అదే ఏడాది 8.94 శాతం, పైగా ఇచ్చేటప్పుడే నాలుగు శాతం పైన ఫీజు కోసుకుంటారు. 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి ఒక్కో బిడ్డకి మొత్తం 65,000 దాటకూడదని చట్టం మార్చారు. అదే వడ్డీ అనుకుని ఆ 65,000 పూర్తిగా తీసుకుంటే పదేళ్లపాటు నెలకి దాదాపు 820 డాలర్లు. అదీ నీ పేరునో, మీ ఆయన పేరునో! పిల్ల సంతోషంగా కడతానన్నా చట్టప్రకారం బాకీ మీదే. నేను చెప్పే కొలత ఒక్కటే: మొత్తం అప్పు, ఎవరి పేరునున్నా, పిల్ల మొదటి ఏడాది జీతం దాటకూడదు. దాటుతుంటే మార్చాల్సింది కాలేజీనే. పిల్లకి ఇష్టమైన సబ్జెక్టు మార్చమనకు.

ఇక్కడో చేదు నిజం. హెచ్-4 వీసా మీదున్న పిల్లలకి ఈ ఫెడరల్ అప్పు రాదు. గ్రీన్‌కార్డు లైన్లో ఏళ్లకేళ్లు నిలబడ్డ మన ఇళ్లెన్ని ఉన్నాయో నీకు చెప్పాలా? పైగా 21 దాటితే ఆ వీసా కూడా నిలవదు. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారితే చదువయ్యాక పనికి ఏడాది అనుమతి. ఇంజనీరింగ్ లాంటి కోర్సులకి దొరికే అదనపు 24 నెలలు మామూలు పొలిటికల్ సైన్స్‌కి రావు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలు చాలావరకు పౌరులకే. ఇలాంటి ఇంట్లో పిల్లకి ఈ మాట దాచిపెట్టొద్దు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఓ గంట ఫీజు ఇచ్చి అడిగాకే కాలేజీ ఎంచుకోండి.

లా స్కూలు ఆలోచన ఉంటే డిగ్రీ అప్పు ఇంకా తగ్గించాలి. 2026 జులై నుంచి పైచదువులకిచ్చే గ్రాడ్ ప్లస్ ఫెడరల్ లోన్లు కొత్తవాళ్లకి లేవు. లా పిల్లలకి ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 వరకే. మిగిలింది ప్రైవేటు వడ్డీకే తేవాలి. ప్రభుత్వంలోనో స్వచ్ఛంద సంస్థలోనో పనిచేస్తే 120 నెలలు కట్టాక మిగతా ఫెడరల్ అప్పు మాఫీ చేసే పథకం ఒకటి 2007 నుంచి ఉంది. బాగుంటుంది గానీ, దాన్ని నమ్ముకుని ఎక్కువ అప్పు చేయకు.

మరేం చేద్దాం? మొదటి రెండేళ్లు ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీ, తర్వాత మన రాష్ట్రపు యూనివర్సిటీ. పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది, పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ మొదటి రెండేళ్లు అడగరు! అవార్డు లెటర్ వచ్చిందని ఊరుకోకుండా ఆర్థిక సాయం ఆఫీసుకి మర్యాదగా ఉత్తరం రాయమను, ఇంకో కాలేజీ ఎక్కువ ఇస్తే ఆ కాగితం జతచేసి. స్టాటిస్టిక్స్‌లో రెండు కోర్సులు చదవడానికి పిల్లని ఒప్పించు. ఓటర్ల లెక్కలు తీసే పిల్లకి సర్వేల కంపెనీలో చోటుంటుంది, బ్యాంకులో చోటుంటుంది. వేసవిలో ఊరి కౌన్సిల్లోనో, కౌంటీ ఆఫీసులోనో పని చూసుకోమను. వాషింగ్టన్‌లో జీతం లేని ఇంటర్న్‌షిప్ గొప్పగానే ఉంటుంది, అక్కడి అద్దె మాత్రం మనమే కట్టాలి.

మా చెల్లి ఇంట్లో ఇప్పుడు ఆ గులాబీ, ఆకుపచ్చ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉందట. దాని పక్కన పిల్లే తన చేత్తో లెక్కలు వేసి పెట్టింది. మరిదిగారు మాత్రం "నా రిటైర్మెంట్ 401కె లోంచి తీస్తాను, అప్పెందుకు?" అంటున్నారని నిన్న రాత్రి ఫోన్ చేసింది. చదువుకి అప్పు పుడుతుంది, ముసలితనానికి పుట్టదు కదా. రేపు పొద్దున టిఫిన్ దగ్గర ఆ మాట ఎత్తితే ఫోన్ స్పీకర్లో పెట్టమన్నాను. ఆయనకి నేను చెప్తాను.