హ్యాండిల్ పైకి లేపమని అడిగితే

"అన్నా, హ్యాండిల్ కాస్త పైకి లేపాలి. ఎంతవుతుంది?"

వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, కింద స్పోర్ట్స్ బండి. షెడ్డు ముందు బండి ఆపి గ్లవ్స్ తీసి అరచేతులు రుద్దుకుంటున్న కుర్రాడికి ఎక్కడ నొప్పో వేరే చెప్పక్కర్లేదు. ఎల్బీనగర్‌లో ఇల్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం. రేసు ట్రాకు మీద వంద దాటిన వేగంలో ఎదురుగాలి ఛాతీని కొంత మోస్తుంది కాబట్టి ఆ వంగుడు బాగానే ఉంటుంది. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి పాకే ట్రాఫిక్‌లో మోయడానికి గాలి ఉండదు. ఒంటి పైభాగం బరువు రెండు మణికట్ల మీద పడుతుంది.

ఈ పని ఒప్పుకునే మెకానిక్ తమ్ముళ్ల కోసం ఈ నాలుగు మాటలు. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. హ్యాండిల్ మార్చడం అరగంట పని. దాని వెనక వేలాడే వైర్లు, గొట్టాలు సరిచేయడం ఒక పూట పని. రేటు చెప్పేటప్పుడు ఈ రెండోది మర్చిపోతే మీకు నష్టం. పని చేసేటప్పుడు మర్చిపోతే బండి ఎక్కినవాడికి ప్రాణం మీదికి వస్తుంది.

ఇది నా తప్పుతోనే నేను నేర్చుకున్న పాఠం. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక బండికి హ్యాండిల్ రెండంగుళాలు లేపాను. పాత ఎక్స్‌లేటర్ వైరే సరిపోయినట్టు కనిపించింది. షెడ్డు ముందు తిన్నగా అటొకసారి ఇటొకసారి నడిపి చూసి, బ్రహ్మాండంగా ఉందనుకుని డబ్బులు జేబులో వేసుకున్నాను. ఆ కుర్రాడు వీధి చివర యూటర్న్ తీసుకోబోయాడు. హ్యాండిల్ ఒక కొసకంటా తిరిగేసరికి లోపల వైరు బిగుసుకుంది. చెయ్యి తిప్పకుండానే ఇంజిను రేజ్ అయింది. బండి ముందుకు దూకి డివైడర్‌ను గీరుకుంటూ పడింది. మోకాలి చర్మం లేచిపోవడంతో సరిపోయింది. తర్వాత ఆ వైరు విప్పి, పొడుగు వైరు పక్కన పెట్టి చూశాను. తేడా రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు.

నొప్పి ఎక్కడో ముందు అడగండి

హ్యాండిల్ మార్చకుండానే తీరే నొప్పి కొంత ఉంటుంది. బండి నిలబెట్టి, మనిషిని ఎక్కించి, పక్కనుంచి చూడండి. బ్రేకు, క్లచ్ లివర్ల మీద వేళ్లు వేసినప్పుడు మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలా ఉండాలి. మణికట్టు పైకి మడత పడుతోందంటే లివర్ల క్లాంపు వదులు చేసి కాస్త కిందికి తిప్పండి. ఐదు నిమిషాల పని, పైసా సామాను అక్కర్లేదు.

ఇంకో మాట కూడా చెప్పి పంపండి. మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని కూర్చుంటే నడుమూ తొడలూ బరువు మోస్తాయి, చేతులు వదులుగా ఉంటాయి. "రెండ్రోజులు ఇలా నడిపి చూడు బాబూ. అప్పటికీ నొప్పి తగ్గకపోతే హ్యాండిల్ సంగతి చూద్దాం" అనండి. ఆ రోజు బేరం పోయినట్టు అనిపిస్తుంది. కానీ అక్కర్లేని ఖర్చు వద్దని చెప్పిన షెడ్డునే మనిషి పదిమందికీ చెబుతాడు.

ఉన్న దారులు రెండే

స్పోర్ట్స్ బండికి ఉండేది క్లిప్-ఆన్ హ్యాండిల్. కుడి ముక్క కుడి ఫోర్కును, ఎడమ ముక్క ఎడమ ఫోర్కును విడివిడిగా కరిచి పట్టుకుంటాయి. దీన్ని ఎత్తు చేయడానికి మంచి దారులు రెండున్నాయి. ఒకటి, అదే ఫోర్కు మందానికి తయారైన ఎత్తు క్లిప్-ఆన్ తెచ్చి వేయడం. రెండోది, ఫోర్కులను పైన కలిపి పట్టుకునే టీ ప్లేటునే మార్చి, దాని మీద మామూలు బండ్లకుండే ఒంటి పైపు హ్యాండిల్ బిగించడం. మొదటిదానితో రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది, బండి తీరు పెద్దగా మారదు. రెండోదానితో కూర్చునే పద్ధతే మారిపోతుంది, పనీ ఖర్చూ పెరుగుతాయి.

ఈ తేడా కంటితో చూడాలంటే యమహా బండ్లు రెండు పక్కపక్కన పెట్టండి. 2018లో మన దేశంలో దిగిన ఆర్15 మూడో వెర్షన్‌కి కిందికి ఉండే క్లిప్-ఆన్. 2019లో వచ్చిన ఎంటీ-15లోనూ అదే 155 సీసీ ఇంజిను కుటుంబం, కానీ పైకి లేచిన ఒంటి పైపు హ్యాండిల్. ఒకటి పడుకోబెడుతుంది, ఇంకొకటి నిటారుగా కూర్చోబెడుతుంది. "దాని హ్యాండిల్ దీనికి వేసెయ్ అన్నా" అని అడిగేవాళ్లు వస్తారు. పైపు ఒక్కటే తెచ్చి వేస్తే అది పని అనిపించుకోదు. ఆ హ్యాండిల్‌కి తగ్గట్టు వైర్ల పొడవూ, గొట్టాల దారీ కంపెనీవాళ్లు ముందే చూసుకుని అమర్చారు. మనమూ అవన్నీ చూసుకోవాలి.

మూడో దారి పట్టమని కూడా కొందరు అడుగుతారు. పాత క్లిప్-ఆన్ కోసి, మధ్యలో ముక్క పెట్టి వెల్డింగ్ చేయించమంటారు. ఒప్పుకోకండి. అల్యూమినియం పోతపనికి వెల్డింగ్ వేడి తగిలిన చోట బలం తగ్గుతుంది. పైకి నున్నగా కనిపించే అతుకు గోతిలో పడిన రోజున చేతికి ఊడొస్తుంది. "అది నేను చెయ్యను సార్" అనే మాట కూడా మన పనిలో భాగమే.

కొలవకుండా సామాను కొనకండి

ఫోర్కు మందం వర్ణియర్ పెట్టి కొలవండి. అదే పేరుతో వచ్చిన బండిలో కూడా ఒక వెర్షన్‌కీ ఇంకో వెర్షన్‌కీ ఫోర్కు మారుతుంది. మిల్లీమీటరు పెద్దదైన క్లాంపును బలవంతంగా బిగిస్తే అది రెండు చోట్ల మాత్రమే కరుచుకుంటుంది. గ్రిప్పు కూర్చునే చోట పైపు మన బండ్లలో సాధారణంగా 22 మిల్లీమీటర్లు. లావు పైపు హ్యాండిళ్లు మధ్యలో, క్లాంపు దగ్గర 28.6 మిల్లీమీటర్లు ఉంటాయి. మామూలు క్లాంపులో అవి పట్టవు.

తర్వాత ట్యాంకు మీద మందపాటి దుప్పటి పరిచి, కొత్త హ్యాండిల్‌ను ఉత్తినే పెట్టి రెండు కొసలకూ తిప్పి చూడండి. ముందు అద్దానికి గానీ, పక్క ఫైబరుకు గానీ తగులుతుందా? చివరికంటా తిప్పినప్పుడు గ్రిప్పుకీ ట్యాంకుకీ మధ్య బొటనవేలు నలగకుండా చోటుందా? హ్యాండిల్ లాక్ పడుతుందా? వీటిలో ఏది కాదన్నా ఆ సామాను ఆ బండికి పనికిరాదు, ఎంత చౌకగా వచ్చినా సరే.

విప్పే ముందు ఫోటో

ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఏ వైరు ఫోర్కుకు ముందు నుంచి పోతోందో, ఏది వెనక నుంచి పోతోందో సెల్‌ఫోన్‌లో నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. సాయంత్రానికి మన జ్ఞాపకం మనకే అబద్ధం చెబుతుంది.

బ్రేక్ ఆయిల్ డబ్బా ఉన్న మాస్టర్ సిలిండర్‌ను విప్పాక తలకిందులుగా వేలాడనివ్వకండి, గాలి జొరబడుతుంది. గొట్టం మీద బరువు పడకుండా గుడ్డతో కట్టి నిలబెట్టండి. గ్రిప్పు కోసెయ్యక్కర్లేదు. అంచు కింద గాలి పైపు పెట్టి ఊదితే దానంతటదే జారి వస్తుంది.

స్విచ్చుల పెట్టె లోపల చిన్న ముల్లు ఉంటుంది. అది కూర్చోవడానికి పాత పైపుకు రంధ్రం ఉంటుంది. కొత్తదానికి లేకపోతే చోటు సరిగ్గా గుర్తుపెట్టుకుని డ్రిల్లు వేయండి. బద్ధకించి ముల్లు కోసేస్తే, ఎక్స్‌లేటర్ తిప్పినప్పుడల్లా స్విచ్చుల పెట్టె కూడా చేతితోపాటు తిరుగుతుంది.

క్లాంపు బోల్టులు ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకోదానికి పోకండి. దీనికి కాస్త, దానికి కాస్త బిగిస్తూ పోవాలి. తలమీద 8.8 గానీ అంతకంటే ఎక్కువ అంకె గానీ ఉన్న బోల్టులే వాడండి. ఎంత బిగించాలో బండి సర్వీసు మాన్యువల్‌లోనో, సామానుతో వచ్చిన కాగితంలోనో ఉంటుంది. టార్క్ రెంచి కొని పెట్టుకోండి. పానా పొడవును బట్టి చేత్తో అందాజుగా బిగిస్తే అల్యూమినియంలో థ్రెడ్డు పోతుంది.

వైర్లు

క్లచ్ వైరు, ఎక్స్‌లేటర్ వైరు పొట్టివైతే లాగి సరిపెట్టకండి, పొడుగువి వేయండి. పొడుగువి వేశాక కూడా ఎక్కడా ముక్కు విరిచినట్టు మడత పడకూడదు. పాత వైరు ఏ దారిన వెళ్లిందో అదే దారిన, మెత్తటి వంపులతో పోవాలి. క్లచ్ లివర్ కొస దగ్గర సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ ఆట చాలా బండ్లలో ఉంటుంది. ఎక్స్‌లేటర్ గ్రిప్పుకు రెండు మూడు మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ ముందున్న బండికి మాన్యువల్ ఏ అంకె చెబితే అదే ఖాయం.

స్విచ్చుల కరెంటు వైర్లు చాలకపోతే మెలితిప్పి టేపు చుట్టే పని వద్దు. వానాకాలం రాగానే హారన్ మోగదు, ఇండికేటర్ వెలగదు, తిట్లు మాత్రం మీకొస్తాయి. అదే మందం వైరు కలిపి, సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగండి.

బ్రేకు దగ్గర తొందర పనికిరాదు

హ్యాండిల్ పైకి వెళితే ముందు బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది. బిగువు కనబడితే పొడుగు గొట్టం వేయాల్సిందే. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ బండ్లలో లివర్ దగ్గర్నుంచి గొట్టం నేరుగా చక్రానికి పోదు, ముందు ఏబీఎస్ యూనిట్‌కి వెళుతుంది. మార్చాల్సింది సాధారణంగా ఆ పై గొట్టమే. యూనిట్ లోపలికి గాలి వెళితే కొన్ని బండ్లకు కంప్యూటర్ తగిలిస్తే తప్ప రాదు. ఆ సదుపాయం మీ దగ్గర లేకపోతే ఆ ఒక్క పనికీ ఉన్నచోటికి బండిని పంపండి. అందులో చిన్నతనమేమీ లేదు.

గొట్టం విప్పిన ప్రతిసారీ బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయాలి. ఒకసారి నలిగిన రాగి రెండోసారి సరిగ్గా అతకదు. మూత మీద డాట్ 4 అని రాసుంటే డాట్ 4 పోయండి. సిలికాన్‌తో చేసిన డాట్ 5 దాంట్లో కలపకూడదు. ఆయిల్ రంగు మీద పడితే వెంటనే నీళ్లు కొట్టండి, లేకపోతే పెయింటు లేచిపోతుంది. గాలి తీశాక లివర్ రాయిలా నిలబడాలి. స్పాంజిలా నొక్కుకుపోతే ఇంకా గాలి ఉన్నట్టే. వీలైతే లివర్‌ను గ్రిప్పుకు కట్టేసి రాత్రంతా ఉంచండి. తెల్లారి వాషర్ల దగ్గర వేలు పెడితే, తడి ఉంటే తెలిసిపోతుంది.

చట్టం, బిల్లు

కంపెనీ ఇచ్చి ఆర్సీలో నమోదైన వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసుకున్న యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కాబట్టి ఫ్రేము కోసే పని ఏదీ పెట్టుకోకండి. అనుమానమున్న యజమానిని ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి రమ్మనండి. వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి కూడా ముందే కనుక్కోమనండి. పనయ్యాక ఆ మాట చెప్పి లాభం లేదు.

రేటు కాగితం మీద రాసివ్వండి. హ్యాండిల్ ఒక వరస, వైర్లు ఒక వరస, బ్రేకు గొట్టం, ఆయిల్, వాషర్లు ఒక వరస, కూలి ఒక వరస. వైర్ల వరస చూసి బేరమాడేవాడికి పాత వైరునూ కొత్త వైరునూ పక్కపక్కన పట్టి చూపించండి. విప్పిన పాత సామానంతా సంచిలో వేసి బండితోపాటే ఇచ్చేయండి. అమ్ముకునే రోజున అతనికి అవి కావాలి.

తాళం చేతికిచ్చే ముందు

బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఉంచండి. హ్యాండిల్‌ను మెల్లగా ఎడమ కొసకంటా తిప్పండి, తర్వాత కుడి కొసకంటా. ఇంజిను చప్పుడు ఇసుమంతైనా మారకూడదు. రెండు కొసల దగ్గరా ఎక్స్‌లేటర్ తిప్పి వదిలేస్తే గ్రిప్పు టక్కున వెనక్కి రావాలి. హారన్, ఇండికేటర్లు, కిల్ స్విచ్, బ్రేకు లైటు ఒక్కొక్కటే చూడండి. తర్వాత మీరే ఎక్కి, ఒక గోతి మీదుగా, ఒక యూటర్న్ తీసుకుని రండి. ముందు భాగం మునుపటికంటే తేలిగ్గా అనిపిస్తుందనీ, మొదటి రెండు రోజులు నెమ్మదిగా నడపమనీ యజమానికి చెప్పండి. వారం తర్వాత బోల్టులు మళ్లీ చూస్తానని, దానికి డబ్బులు తీసుకోనని కూడా చెప్పండి.

నా షెడ్డులో ఇప్పుడు యూటర్న్ తిరిగి రాని బండికి బిల్లు రాయరు.