వాణిజ్య ప్రకటన గేయాలు - ఒక పరిశీలన

మాటను మనస్సుకు హత్తించడానికి మానవుడు కనుగొన్న సాధనాలలో పాట అతి ప్రాచీనమైనది. అక్షరజ్ఞానం లేని తల్లి కూడా జోలపాట పాడి బిడ్డను నిద్రపుచ్చింది. నాట్లు వేసే స్త్రీలు శ్రమను మరచిపోవడానికి పాడుకున్నారు. వీధిలో పండ్లు అమ్మే వర్తకుడు తన సరుకు పేరును ఒక వరుసలో పెట్టి కేక వేశాడు. ఆ వర్తకుని కేకకు వాద్యగోష్ఠి, గాయనీగాయకులు, కదిలే బొమ్మలు తోడైనప్పుడు ఏర్పడినదే టెలివిజన్ వాణిజ్య ప్రకటన గేయం. దీనినే జింగిల్ అని వ్యవహరిస్తారు. అర నిమిషంలో ముగిసిపోయే ఈ చిన్న పాటను సాహిత్య విద్యార్థులు పరిశీలించవలసిన అవసరమేమిటని కొందరు ప్రశ్నించవచ్చు. పద్యం కంఠస్థం కావడం లేదని వాపోయే విద్యార్థికి సబ్బుల పాట ఎవరూ నేర్పకుండానే నోటికి వస్తున్నది. దీనికి కారణం తెలుసుకోవడం భాషను బోధించే మా వంటి వారికి, అభ్యసించే మీ వంటి వారికి కూడ కర్తవ్యమని మేము భావిస్తున్నాము.

పుట్టుక, వ్యాప్తి

ప్రకటన గేయాలకు ఆద్యమైనదిగా సాధారణంగా పేర్కొనబడేది అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో 1926 డిసెంబరు 24న రేడియోలో ప్రసారమైన వీటీస్ అనే గోధుమ ఆహారపు పాట. అమ్మకాలు సన్నగిల్లి ఆ సరుకును నిలిపివేయాలని కంపెనీ తలపోసినప్పుడు, పాట వినిపించే ప్రాంతంలో మాత్రం అది బాగా అమ్ముడవుతున్నదని తేలింది. ఆనాటి నుండి వ్యాపారులు పాటను వినోదంగా గాక పెట్టుబడిగా చూడసాగారు.

మన దేశంలో వివిధభారతిలో 1967 నవంబరు 1న ప్రకటనల ప్రసారం మొదలయింది. 1959లో ఢిల్లీలో ఆరంభమైన టెలివిజన్‌లో 1976 జనవరి 1 నుండి వాణిజ్య ప్రకటనలకు చోటు లభించింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వెలసింది; 1982లో రంగుల ప్రసారాలు వచ్చాయి. ప్రసిద్ధ స్వరకర్త వన్‌రాజ్ భాటియా వేల సంఖ్యలో ప్రకటనలకు సంగీతం కూర్చాడు. 1992లో రోజా చిత్రంతో దేశానికంతటికీ పరిచితుడైన ఏ.ఆర్. రహమాన్ అంతకుముందు ఈ బడిలోనే చేయి తిప్పుకున్నాడు. 1987లో ఆయన స్వరపరచిన ప్రకటన మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ గడియారాల కోసమే కావడం ముచ్చటైన విషయం. కనుక ఈ ప్రక్రియను తేలికగా త్రోసివేయడానికి వీలు లేదు.

కంఠస్థం కావడంలోని కిటుకు

ఇక్కడ మన కళాశాలలో పఠించే రెండు భాషల సాహిత్యాలు మనకు చక్కగా తోడ్పడతాయి. సుమతీ శతకం కంద పద్యాలలో ఉన్నది. ప్రతి పాదంలో రెండవ అక్షరం ప్రాసతో కలుస్తుంది; చివర సంబోధన మకుటమై నిలుస్తుంది. ఉర్దూ గజల్‌లో ప్రాసస్థానాన్ని కాఫియా వహిస్తుంది. దాని వెంట మారకుండా తిరిగి వచ్చే మాట రదీఫ్. తుది షేర్‌లో కవి తన తఖల్లుస్‌ను, అనగా కలం పేరును, పొదుగుతాడు. ప్రకటన గేయకర్త ఈ మూడింటిని ఎరువు తెచ్చుకున్నాడు. అంత్యప్రాసతో చెవిని పట్టుకుంటాడు. సరుకు పేరును మకుటంగా, రదీఫ్‌గా మరల మరల వినిపిస్తాడు. కవి పేరు ఉండవలసిన చోట కంపెనీ పేరును కూర్చుండబెడతాడు.

దీనికి తోడు పునరుక్తి బలం ఒకటి ఉన్నది. అర్థం తెలియని మాటలనైనా పదే పదే ఎదుట పెడితే మనుషులకు వాటిపై ఇష్టం పెరుగుతుందని 1968లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జయన్స్ ప్రయోగాల ద్వారా చూపాడు. సాయంకాలం ఒకే కార్యక్రమంలో నాలుగు సార్లు వినబడే పాట చేసే పని ఇదే. దుకాణంలో పది పొట్లాల ముందు నిలుచున్నప్పుడు చెవికి పరిచయమైన పేరు మంచి పేరుగా తోస్తుంది.

అయితే ఒక భేదమున్నది. శతక పద్యంలో మకుటం నీతిని మోసుకొని వస్తుంది. మకుటాన్ని తొలగించినా పద్యంలో ఆలోచన మిగులుతుంది. ప్రకటన గేయంలో సరుకు పేరు తీసివేస్తే చాలమట్టుకు మిగిలేది వరుస మాత్రమే.

అనువాదంలో లయభంగం

తెలుగులో వినబడే ప్రకటన గేయాలలో పెక్కు హిందీ నుండి దిగుమతి అయినవి. వరుస ముందే సిద్ధమై ఉంటుంది. అందులోకి తెలుగు మాటలను నెడతారు. హిందీలో సాబున్ రెండు గురువులు. తెలుగు సబ్బు ఒక గురువు, ఒక లఘువు. వరుస చివర దీర్ఘస్వరం ఉంటే గాయని సబ్బూ అని సాగదీయక తప్పదు. లీజియే అన్న మాటకు మూడక్షరాలు. తీసుకోండి అన్నదానికి నాలుగు. మిగిలిన లఘువును ఎక్కడ పెట్టాలో తెలియక గొంతు పరుగెత్తుతుంది. తెలుగు అజంత భాష. పదాంతంలో అచ్చు దాని సొగసు. ఆ అచ్చును మింగినా, అకారణంగా సాగదీసినా భాష పరాయి గొంతుతో పలికినట్లు ఉంటుంది. పాఠశాలకు పోని శిశువు కూడ ఈ ఉచ్చారణను వింటూ పెరుగుతున్నది. దోషం హిందీది కాదు, తెలుగుది కాదు. రెండు భాషల నడక తెలియకుండా కలం పట్టిన వారిది. గురులఘువులు ఎరిగి, హిందూస్తానీ పలుకుబడి కూడ ఎరిగిన యువకులకు ఇది తగిన ఉపాధి కాగలదు. అట్టి యోగ్యత మన కళాశాల విద్యార్థులకు సహజంగానే ఉన్నది.

పాట - వాదం

బట్టల పొడుల చరిత్ర ఇక్కడ ఉదాహరణగా నిలుస్తుంది. 1969లో అహమదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా పొడిని ఆరంభించాడు. తక్కువ ధర దాని మొదటి బలం; తెల్లని గౌనులోని బాలిక బొమ్మ, సులభమైన పాట దాని పేరును దేశమంతటా చాటాయి. దీనికి ఎదురుగా హిందుస్తాన్ లీవర్ కంపెనీ తన సర్ఫ్ కొరకు 1980 దశకంలో లలితాజీ అనే గృహిణి పాత్రను ప్రవేశపెట్టింది. అలీక్ పదంసీ రూపకల్పనలో కవితా చౌదరి ధరించిన ఆ పాత్ర పాడలేదు. ధర తక్కువైన వస్తువుకు, కొనదగిన వస్తువుకు గల భేదాన్ని వాదించింది. ఆమె వాదం మనకు నచ్చకపోవచ్చు. నచ్చకపోతే ఎదురు చెప్పవచ్చు. పాటకు ఎదురు చెప్పడం ఎట్లా? పాట ఏమీ నిరూపించదు. కేవలం మనలో కాపురం పెడుతుంది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల వరకు, మరల చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించడానికి వీలు కల్పించింది. తప్పుడు వర్ణనను, బూటకపు హామీని, ముఖ్య విషయాన్ని దాచడాన్ని చట్టం పట్టుకుంటుంది. రాగాన్ని మాత్రం ఏ చట్టమూ పట్టుకోదు, పట్టుకోనవసరమూ లేదు. ఆ వాకిట కావలి ఉండవలసినది మన వివేకమే.

విద్యార్థులకు ఒక అభ్యాసం

మీకు నోటికి వచ్చిన ప్రకటన గేయం ఒకటి కాగితంపై వ్రాయండి. మొదట గురులఘువులు గుర్తించి, తెలుగు మాట ఎక్కడ విరిగిందో చూడండి. పిమ్మట సరుకు పేరు ఎన్ని మారులు వచ్చినదో లెక్కించండి. చివరకు ఆ సరుకు ధర, తూకం, గుణం గురించి పాటలో ఏమి చెప్పారో వేరుగా వ్రాయండి. ఈ మూడవ గడి ఖాళీగా ఉన్నట్లయితే, మీరు నేర్చినది పాటయే గాని సమాచారం కాదని తెలుస్తుంది.

పాటను ఆనందించవద్దని మేము చెప్పడం లేదు. మంచి వరుస ఎక్కడ పుట్టినా మంచిదే. కాని చెవి ఒప్పుకున్నదానినెల్లా బుద్ధి ఒప్పుకోనక్కరలేదు. పాట విన్న తరువాత పొట్లం వెనుక ముద్రించిన చిన్న అక్షరాలను చదివే అలవాటు విద్యావంతులకు ఉండదగినది.