పాలు, పని, ఎముకల బలం

పాలు తాగితే ఎముకలు గట్టిపడతాయన్నది మనమందరం చెప్పుకునే మాటే. పాలు అమ్ముకుని బతికేవారం కనుక ఈ మాటలో నిజమెంతో తెలుసుకుని చెప్పడం మన ధర్మం. ఈ విషయమై మన ప్రాంతంలోనే జరిగిన ఒక పరిశోధనను ఈ పాఠంలో వివరిస్తున్నాము.

ఎముకలే నిల్వ ఖాతా

శరీరంలోని కాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకలలోను, పళ్లలోను ఉంటుంది. రక్తంలో అది తగ్గితే శరీరం ఎముకల నుండి తీసుకుంటుంది. ఈనిన గేదెకు పాలజ్వరం వచ్చేది ఇందువల్లనే. జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా పోతుంది. ఎముకల నుండి తెచ్చుకునే వ్యవధి చాలక గేదె పడిపోతుంది. మనుషులలో ఎముకల నష్టం ఏళ్ల తరబడి కనబడకుండా సాగి, ముసలితనంలో జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు బయటపడుతుంది.

ఈ ఖాతాలో జమ పడేది ముఖ్యంగా ఎదిగే వయసులో. సుమారు 30 ఏళ్లకు జమ ముగుస్తుంది. తరువాత ఖర్చే. ముట్లుడిగిన స్త్రీలలో ఆ ఖర్చు మరింత వేగం.

హైదరాబాదు సమీప గ్రామాల పరిశోధన

1987–90 మధ్య హైదరాబాదు దగ్గరి కొన్ని గ్రామాలలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టారు. పక్క గ్రామాలకు అప్పటికి పథకం రాలేదు. జాతీయ పోషకాహార సంస్థవారు, ఇతర శాస్త్రజ్ఞులు ఆ రెండు చోట్ల పుట్టిన పిల్లలను పెద్దయ్యేవరకు గమనించారు. వారు ఇరవై ఏళ్ల ప్రాయానికి వచ్చాక తుంటి, వెన్నెముకల సాంద్రతను ప్రత్యేక ఎక్స్‌రే యంత్రంతో కొలిచారు.

చిన్ననాడు అదనపు ఆహారం తిన్నవారికి, తిననివారికి ఎముకలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. శరీరంలో కండ ఎక్కువగా ఉన్నవారికి, కాళ్లపై బరువు పడే పనులు చేసేవారికి మాత్రం ఎముకలు గట్టిగా ఉన్నట్లు తేలింది.

దీనినిబట్టి తిండి అనవసరమని అనుకోరాదు. కండ పట్టేది తిండివల్లనే. ఇది పాలపై జరిగిన పరీక్ష కూడా కాదు. అయితే చిన్ననాటి తిండి ఒక్కటే చాలదనీ, ఎదిగే వయసంతా తిండి, పని రెండూ సాగాలనీ మనం గ్రహించవలసి ఉన్నది.

వెన్నలో కాదు, ఎస్.ఎన్.ఎఫ్.లో

మనకు ధర తెచ్చేది ముఖ్యంగా వెన్న. కాల్షియం ఉండేది మాత్రం ఎస్.ఎన్.ఎఫ్.లో. నెయ్యిలో అది దాదాపు ఉండదు. వెన్న తీసిన మజ్జిగలో నిలిచే ఉంటుంది. నీళ్లు ఎక్కువ కలిపితే పలచబడుతుంది. పావు లీటరు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు దొరుకుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2020లో 13–15 ఏళ్ల పిల్లలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని సూచించింది.

పాలన్నీ కేంద్రానికి పోసి, ఎదిగే ఆడపిల్లకు చుక్క మిగల్చని ఇళ్లు తనిఖీలలో మాకు కనబడుతూనే ఉన్నవి. గడ్డి కోసేదీ, పేడ ఎత్తేదీ ఆ పిల్లే. పని ఉండి పాలు లేకపోతే ఖాతా సగమే నిండుతుంది.

సభ్యులు ఆచరించవలసినవి

1. కేంద్రానికి పాలు తీసుకువెళ్లకముందే పిల్లల పాలు విడిగా ఉంచండి. ఆడపిల్లకు, మగపిల్లవానికి సమానంగా పోయండి.
2. పాలు చాలనినాడు చిక్కని మజ్జిగ, రాగిజావ ఇవ్వండి. రాగులలో కాల్షియం సమృద్ధిగా ఉన్నది.
3. పిల్లలను ఎండలో ఆడనివ్వండి. కాల్షియం ఒంటికి పట్టడానికి కావలసిన డి విటమిను ఎండవల్ల చర్మంలో తయారవుతుంది.
4. పెద్దవారు నడక మానవద్దు.

సంఘ సమావేశంలో చర్చించండి

1. మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో పిల్లలకు రోజూ పాలు అందుతున్నవి?
2. వెన్న తీసిన మజ్జిగను మనం ఎలా వాడుతున్నాము?
3. చదువుకు వెళ్లి పొలం పని మానిన పిల్లలకు ఆటలు, నడక ఉన్నవా?