బీటెక్ ఒకటి, ఎంటెక్ ఇంకొకటి

ఆవిరి ఇంజన్ల రోజుల్లో బిట్రగుంట అంటే లోకోషెడ్డు. డీజిల్, కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ షెడ్డు కాలం తీరిపోయింది. చేతికొచ్చిన పని మారిపోవడం ఈ ఊరి రైల్వే కుటుంబాలు కళ్లారా చూసిందే. అయినా ఇంట్లో పిల్లాడు ‘బీటెక్ సివిల్ చేశాను, ఎంటెక్ వేరే బ్రాంచిలో చేస్తాను’ అంటే పెద్దలకు గుండె జారిపోతుంది. నాలుగేళ్ల ఫీజు నీళ్లపాలైనట్టేనా అని అడుగుతారు.

కాదు. ఇంటర్ అయిన వెంటనే మీ బ్రాంచిని తేల్చింది మీ ఇష్టం ఒక్కటే కాదు. ఈఏపీసెట్ ర్యాంకు, కౌన్సెలింగ్‌లో మిగిలిన సీట్లు, కావలికో నెల్లూరుకో రోజూ వెళ్లిరాగల దూరం, ఇంటి స్తోమత అన్నీ కలిసి తేల్చాయి. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి మీకేం చేతనవునో, ఏది చదువుతుంటే టైము తెలియదో మీకే బాగా తెలుస్తుంది. ఆ ఎరుకతో దారి మార్చుకునే హక్కు మీకుంది.

మన పొరుగు మనిషినే చూడండి. రాజ్ రెడ్డి 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివింది సివిల్. 1958లో డిగ్రీ చేతికొచ్చింది. 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎంటెక్ పూర్తిచేశారు. తర్వాత అక్కడే ఐబీఎంలో మూడేళ్లు ఉద్యోగం. ఆ పైన అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందారు. మనిషి మాటను యంత్రం గుర్తుపట్టేలా చేయడం మీద ఆయన పని అప్పుడే మొదలైంది. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ అవార్డు అందుకున్న తొలి ఆసియా వ్యక్తి ఆయనే.

ఈ కథను చాలామంది ‘సివిల్ వదిలేసి కంప్యూటర్లలోకి దూకారు’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. నాకది నచ్చదు. సంవత్సరాలు మళ్లీ చూడండి. సివిల్ డిగ్రీకీ కంప్యూటర్ డాక్టరేట్‌కీ మధ్య ఎనిమిదేళ్లున్నాయి. అందులో మూడేళ్లు కంప్యూటర్ల కంపెనీలో పనిచేసినవి. కొత్త రంగం రుచి చూశాకే ఆయన దానికి జీవితాన్ని ఇచ్చారు. మీరు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఈ వరస.

ఇలా దారి మార్చుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. మైక్రోసాఫ్ట్‌కు సారథి అయిన సత్య నాదెళ్ల మణిపాల్‌లో ఎలక్ట్రికల్, అడోబ్‌కు సారథి అయిన శంతను నారాయణ్ ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివారు. ఇద్దరూ అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేశారు.

ఇక మీ సంగతి. కొత్త బ్రాంచి ఎందుకు కావాలో నిజాయితీగా ఒక కాగితం మీద రాయండి. ‘ఫ్రెండ్స్ అంతా అటే వెళ్తున్నారు’, ‘ప్యాకేజీలు బాగున్నాయి’ అన్న రెండే కారణాలు తేలితే ఆగండి. ఆ బ్రాంచిలో పునాది అనదగ్గ ఒక సబ్జెక్టును ఎన్‌పీటెల్‌లో పట్టండి. పాఠాలు ఉచితం. పన్నెండు వారాల కోర్సైతే ప్రతి వారం అసైన్‌మెంట్ స్వయంగా చేయండి. చివరిదాకా వెళ్లి, ఇంకా కావాలనిపిస్తే ఆ రంగం మీది. మూడో వారంలోనే విసుగొస్తే, రెండేళ్ల ఎంటెక్ ఫీజు కట్టకముందే ఆ సంగతి తెలిసినందుకు సంతోషించండి.

తర్వాత నిబంధనలు. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. గేట్‌లో ఒకేసారి రెండు పేపర్లు రాయవచ్చు, కానీ వాళ్లు అనుమతించిన జోడీల్లోనే. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అయితే గేట్ రాయనిచ్చారు కదా అని సీటు ఇస్తారనుకోకండి. ఏ డిగ్రీవాళ్లను తీసుకుంటారో ఒక్కో ఎంటెక్ ప్రోగ్రాం విడిగా చెబుతుంది. విదేశాలకు వెళ్లేవాళ్లకూ ఇదే మాట. జర్మనీలో చాలా విశ్వవిద్యాలయాలు మీరు బీటెక్‌లో చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు లెక్కగట్టి చూస్తాయి. అమెరికాలో కొన్నిచోట్ల చేర్చుకుని, తక్కువపడిన సబ్జెక్టులు ముందుగా చదివిస్తారు. ఆ అదనపు నెలల ఖర్చు మీ చదువు అప్పు లెక్కలో వేసుకున్నారా?

మారడమంటే అందరూ సీఎస్ఈ వైపే చూడటం నాకు బాధగా ఉంటుంది. మన బోగోలు మండలంలోనే జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ ఉంది. కావలి దాటితే రామాయపట్నం పోర్టు. అలల తాకిడికి నిలిచే గోడ ఎంత ఎత్తుండాలి, ఇసుక మేట వేసి పడవల దారి పూడిపోకుండా ఏం చేయాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పే చదువు ఓషన్ ఇంజినీరింగ్. ఐఐటీ మద్రాసులో దానికి ప్రత్యేక విభాగమే ఉంది. సివిల్, మెకానికల్ వాళ్లు చదివిన ఫ్లూయిడ్ మెకానిక్స్ అక్కడ రోజూ పనికొస్తుంది. ఇలా పాత చదువు సగం దూరం మోసుకెళ్లే బ్రాంచి దొరికితే, మొదటి సెమిస్టర్‌లోనే మీరు మిగతావాళ్లతో సమానంగా నిలబడగలరు.

ఇంటర్వ్యూలో ‘ఎందుకు మారుతున్నావు?’ అని తప్పక అడుగుతారు. పాత బ్రాంచిని తిట్టకండి. రెండు బ్రాంచీలూ కలిసే చోట చేసిన ఒక చిన్న ప్రాజెక్టు చూపించండి. ఈఈఈ విద్యార్థి తన వీధి కరెంటు వాడకాన్ని ముందే అంచనా వేసే ప్రోగ్రాం రాస్తే చాలు, సగం జవాబు అదే చెబుతుంది.

మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టును ఇప్పటినుంచే అటు తిప్పుకోండి. నాలుగో ఏడాదిలో ఉన్నవాళ్లు మీకు కావలసిన మూడు ప్రోగ్రాంల అర్హతల పేజీలు ఈ రాత్రే తెరిచి చదవండి. అమ్మానాన్నలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.