మానని కడుపునొప్పి - బయాప్సీ పరీక్ష

కడుపులో మంటగా నున్నచో వాము నమలుట, సోడా త్రాగుట, దుకాణములో మాత్ర కొని మ్రింగుట మన గ్రామములలో వాడుక. ఒకటి రెండు దినములలో పోవు బాధకు ఇవి చాలవచ్చును. కాని నెలల తరబడి వేధించు నొప్పిని ఇట్లు అణచుచుండుట అపాయకరము. జీర్ణకోశములోని పుండు మామూలు పుండు కావచ్చును, క్యాన్సరైనను కావచ్చును. ఆమ్లమును తగ్గించు మాత్రలు రెండింటిలోను బాధను కొంతకాలము మరుగుపరుపగలవు. కావున నొప్పి తగ్గినంత మాత్రమున రోగము పోయినదని తలంపరాదు.

క్షయ విషయమున మదనపల్లె ప్రాంతమువారికి ఈ పాఠము తెలిసినదే. అచ్చటి ఆరోగ్యవరములో 1915లోనే క్షయ వైద్యశాల వెలసినది. దగ్గువారందరును క్షయరోగులు కారు. కఫమును సూక్ష్మదర్శినితో చూచి క్రిములున్నవో లేవో తేల్చుదురు. కడుపు విషయమునను పద్ధతి ఇదియే.

చివర దీపము, కెమెరా గల సన్నని గొట్టమును నోటి ద్వారా అన్నవాహిక, జీర్ణకోశము, చిన్నప్రేవు మొదటి భాగము వరకు పంపి చూచుటయే ఎండోస్కోపీ. అంతకు ముందు ఆరు నుండి ఎనిమిది గంటలు ఆహారము తీసికొనరాదు. రక్తము పలుచబడుటకు మందులు వాడువారు ఆ సంగతి ముందుగా వైద్యునికి చెప్పవలెను. అనుమానము గలచోట చిన్న పటకారుతో రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలు కొన్ని తీయుదురు. ఇదియే బయాప్సీ. ముక్క తీయునపుడు సాధారణముగా నొప్పి తెలియదు. ముక్క తీసినచో జబ్బు ప్రాకునను భయముతో పరీక్ష మానుకొనరాదు.

ఆ ముక్కలను పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. వాపు, పుండు, క్యాన్సరు అప్పుడు వేరువేరుగా తెలియును. పూర్వము కడుపుపుండ్లకు కారము, మనోవ్యథ కారణములనుకొనెడివారు. ఆస్ట్రేలియా వైద్యులు వారెన్, మార్షల్ ఇట్టి ముక్కలనే పరిశీలించి, 1982లో హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవిని గుర్తించిరి. 2005లో వారికి నోబెల్ బహుమానము లభించినది. ఈ క్రిమివలన కలిగిన పుండు సరియైన మందులు రెండు వారములు వాడిన పిదప మానుటయేగాక, సామాన్యముగా తిరిగి రాదు.

పంచాయతీ సభ్యులకు మా మనవి ఇది. మ్రింగుడు పడకపోవుట, అకారణముగా బరువు తగ్గుట, మాటిమాటికి వాంతులగుట, రక్తహీనత కనిపించినచో రోగిని జాగు చేయక వైద్యునివద్దకు పంపుడు. రక్తపు వాంతియైనను, మలము తారువలె నల్లగా పోయినను అదే దినమున ఆసుపత్రికి చేర్పింపుడు. మదనపల్లె, పుంగనూరు ప్రాంతములవారు ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించినచో పరీక్ష ఎచ్చట చేయుదురో చెప్పగలరు. కుప్పములో 2001లో స్థాపితమైన పి.ఇ.ఎస్. వైద్యకళాశాల కలదు.

బయాప్సీ ఫలితము అదే దినమున రాదు. కొన్ని దినములు పట్టును. నొప్పి తగ్గినదని రోగి తిరిగి పోకుండుటయు కలదు. ఫలితము క్యాన్సరని తేలియు అది రోగికి చేరనిచో పరీక్ష చేసి ప్రయోజనమేమి? అట్టివారిని విచారించి, నివేదిక తెచ్చుకొని వైద్యునికి చూపునట్లు చేయుట సభ్యుల కర్తవ్యము. తొలిదశలో తెలిసిన క్యాన్సరును నయము చేయుటకు ఎక్కువ అవకాశము కలదు.